ప్రయాణం చేసినవాడి వయసు

మహేందర్ ముఖం అతనిది కాదు. అది ఇంకొకడి ఫొటో. ఐదేళ్ల వయసు నుంచి దాన్ని అతను మోస్తున్నాడు.

పెద్దమందడిలో మాసయ్యకు, లలితమ్మకు ఒకే కాన్పులో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ముందు ఎవరు బయటికి వచ్చారో ఎవరికీ తెలియదు. మంత్రసాని ఇద్దరినీ తుడిచి, గుడ్డల్లో చుట్టి, పక్కపక్కన పడుకోబెట్టి, వెనక్కి తిరిగి చూసేసరికి ఆమెకే ఆనవాలు దొరకలేదు. అందువల్ల వాళ్లలో అన్న లేడు, తమ్ముడు లేడు. ఒకే రంగు, ఒకే నుదురు, ఒకే ఏడుపు. ఇద్దరికీ ఎడమకాలి రెండో వేలు, మూడో వేలు గోళ్ల దాకా అతుక్కుని ఉన్నాయి. చర్చిలో ఒకడికి ప్రేమ్ కుమార్ అని పేరు పెట్టారు. రెండోవాడికి మేనమామ మహేందర్ అని పెట్టాడు. పేర్లు తారుమారు కాకుండా లలితమ్మ ప్రేమ్ మొలకు ఒక దారం కట్టింది. అంగీ తొడిగితే అది కనబడేది కాదు.

దసరా వెళ్లగానే ఊళ్లో సగం తలుపులకు తాళాలు పడేవి. వలస పనికి మేస్త్రి ముందుగా బయానా ఇచ్చేది జంటకు. మొగుడు, పెళ్లాం కలిస్తే ఒక లెక్క. పిల్లలు ఆ లెక్కలోకి రారు. తట్టలతో, రేకులతో, గడ్డపారలతో పాటు వాళ్లూ లారీ ఎక్కేవాళ్లు. కవలలకు ఐదేళ్లు నిండిన ఏడాది గుంపు కృష్ణ దాటి, కర్ణాటకలో కాలువ మట్టి పనికి వెళ్లింది. చలికాలం చివర్లో అక్కడి పని అయిపోయింది. మకాం మార్చడానికి రెండు లారీలు వచ్చాయి.

తెల్లవారుతోంది. మంచు దట్టంగా ఉంది. లలితమ్మ ఒక కొడుకును ఎత్తి మొదటి లారీలో, సామాను మీద, పిల్లల మధ్య కూర్చోబెట్టింది. రెండోవాడు ఇంకా పొయ్యి పక్కన గోనెపట్టాలో నిద్రపోతున్నాడు. వాడి కోసం వెనక్కి తిరిగింది. అప్పుడే రెండో లారీలోకి మాసయ్య ఒక కొడుకును చెయ్యి పట్టి పైకి లాగడం కనిపించింది. వాణ్ణి ఆయన లేపి తెచ్చుకున్నాడనుకుంది. ఒకడు ఇక్కడ, ఒకడు అక్కడ. ఆమె నిశ్చింతగా పోయి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. మాసయ్యదీ అదే నిశ్చింత. ఏ ఒకడైతేనేం, రెండోవాడు తల్లి దగ్గర ఉన్నాడు.

ఇద్దరూ చూసింది ఒక్కణ్ణే. మహేందర్ మొదటి లారీ దిగి మూత్రం పోసుకున్నాడు. హారన్ మోగితే భయపడి దగ్గరున్న లారీ వైపు పరుగెత్తాడు. ఆ లారీ రెండోది.

సాయంత్రం కొత్త మకాం దగ్గర సామాను దించుతూ మాసయ్య అడిగాడు.

"వాడేడి?"

"నీ దగ్గరనే గద. లారీల గుంజుకుంటుంటే చూసిన."

"గుంజుకున్నది వీడినే. ఇంకోడు?"

లలితమ్మ సామాను మీది నుంచి దిగుతున్న పిల్లలను ఒక్కొక్కరినే చూసింది. చివరివాడు దిగాక కూడా అటే చూస్తూ నిలబడింది.

వాళ్లు వెనక్కి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. పాత మకాంలో గుడిసెల కర్రలు పాతిన గుంతలు ఉన్నాయి. పొయ్యి రాళ్లు ఉన్నాయి. గోనెపట్టా ఉంది. పిల్లవాడు లేడు. పోలీసులు గుర్తులు అడిగారు. ప్రేమ్‌కు తన ముద్దుపేరు మాత్రమే వచ్చు. ఊరేదంటే మా ఊరు అంటాడు. తండ్రి పేరు అడిగితే నాయిన అంటాడు. ఇదంతా విని జవాను, ఫొటో ఉందా అని అడిగాడు.  మాసయ్య మహేందర్‌ను ఎత్తి బల్ల మీద నిలబెట్టాడు.

అక్కడ మొదలైంది.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం, బడి సెలవుల్లో, మాసయ్య కొడుకును వెంటబెట్టుకుని తిరిగాడు. రాయచూరు, షోలాపూర్, బొంబాయి. కూలీలు నిలబడే అడ్డాలు, ఇటుక బట్టీలు, స్టేషన్ల ముందు టీ బండ్లు. భుజం పట్టుకుని కొడుకును ముందుకు నిలబెట్టేవాడు. గిట్లాంటోడే ఇంకొకడు, జర మంచిగ చూసి చెప్పుండ్రి అనేవాడు. జనం చూసేవాళ్లు. కొందరు గడ్డం కింద వేలు పెట్టి ముఖం పైకెత్తి మరీ చూసేవాళ్లు. చిన్నప్పుడు మహేందర్‌కు నవ్వొచ్చేది. నవ్వకు, వాడు నవ్వుతుండో లేదో అనేవాడు తండ్రి.

తొమ్మిదో ఏట మహేందర్ వేపచెట్టు మీది నుంచి పడ్డాడు. కుడి కనుబొమ చీలింది. దవాఖానలో కుట్లు వేశారు. నెత్తురు చూసి మాసయ్య బెదరలేదు. కట్టు విప్పిన రోజు, కనుబొమను రెండుగా కోసిన మచ్చ చూసి కూలబడ్డాడు. వానికి గిది ఉండదు గదరా అన్నాడు. అప్పటి నుంచి కొడుకును ఎవరికి చూపించినా, ఎడమచేత్తో భుజం పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో ఆ మచ్చను మూసేవాడు. ఆ వేలికి మట్టి వాసన ఉండేది. ఆ వాసనకు మహేందర్ కళ్లు వాటంతటవే నిశ్చలమయ్యేవి.

మీసం వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద పంచాయతీ అయింది. ఉంచాలా, గీయాలా? అక్కడ వాడు ఏం చేసి ఉంటాడు? మాసయ్య రెండు రోజులు తేల్చుకోలేకపోయాడు. మేనమామ వచ్చి విని, "ఒకపక్క ఉంచి, ఒకపక్క గీకుండ్రి బావా. రెండు తీర్ల పనికొస్తది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి లలితమ్మ ఒక్కతే నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

ఆమె ఎన్నడూ వెతకడానికి వెంట పోలేదు. ఇంట్లోనే, మహేందర్‌లోనే చూసుకునేది. వీడు కడుపునిండా తింటే, ఎక్కడో వాడు తిన్నట్టు. వీడికి జ్వరం వస్తే, అక్కడ వాడికి ఎవరు నీళ్లిస్తున్నారో అని కుమిలేది. కవలలైనా ఒకరి ఆకలి ఇంకొకరికి పోదమ్మా అని పాస్టరు నచ్చజెప్పాడు. ఆమె తల ఊపింది. నమ్మడం మానలేదు. మహేందర్ ఆకలి లేకపోయినా గిన్నె ఖాళీ చేయడం నేర్చుకున్నాడు. కడుపు నొప్పిగా ఉన్నా, పరీక్ష తప్పినా, అన్నం వదిలేవాడు కాదు. అతను వదిలితే ఇద్దరు పస్తు పడుకున్నట్టు.

తిరుగుళ్లలో మోసాలు ఎదురయ్యాయి. మీవాడే అని నమ్మించి, వెంట తీసుకుపోయి, తీరా చూస్తే ఇరవై ఏళ్లవాణ్ణి చూపించినవాళ్లున్నారు. అట్లా మూడు నాలుగు ప్రయాణాలు వృథా అయ్యాక మాసయ్య ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. ఎవరేం చెప్పినా మొదట వయసు అడగాలి. ఈడు కలవకపోతే అక్కడికక్కడే వదిలెయ్యాలి. ఎత్తు మారుతది, రంగు మారుతది, నీకెన్నేండ్లో వానికి గూడ అన్నే ఏండ్లు, అది మాత్రం మారదు అని కొడుక్కు నూరిపోశాడు. ఆ మాట మహేందర్‌కు నిజమనే తోచింది. ఆ కట్టుబాటు వాళ్లను చాలా దారుల నుంచి వెనక్కి తిప్పింది.

మహేందర్ హాస్టళ్లలో ఉండి చదువుకున్నాడు. డిగ్రీ రెండో ఏట ఫిజిక్స్ పుస్తకంలో కవలల లెక్క కనబడింది. కవలల్లో ఒకడు భూమ్మీదనే ఉంటాడు. ఇంకొకడు వెలుతురు వేగానికి దగ్గరగా పోయే నౌకలో చాలా దూరం పోయి తిరిగొస్తాడు. ఉండిపోయినవాడు ముసలివాడై ఉంటాడు. పోయి వచ్చినవాడు పడుచుగానే ఉంటాడు. మహేందర్ ఆ పేజీని నిలబడే చదివాడు. కూర్చోవాలన్న సంగతి మరిచిపోయాడు. ఆ ఆదివారం ఊరికి పోయి తండ్రికి చెప్పాడు. మాసయ్య బీడీ ఆర్పి విన్నాడు.

"అంటే మనోడు ఇంక ఐదేండ్లోడే ఉంటడా?"

"అంత జోరుగ పోతే, నాయినా."

"ఎంత జోరు?"

ఒక్క సెకనులో భూమిని ఏడుసార్లు చుట్టి వచ్చేంత అని చెప్పాడు మహేందర్.  ఆ పొద్దు మన లారీ గుట్ట ఎక్కలేకపోతే అందరం దిగి నెట్టినం అన్నాడు మాసయ్య.

"లారీల పుట్టి లారీల సచ్చినా రెప్పపాటు తేడా గూడ రాదు నాయినా."

"మల్ల నాకెందుకు చెప్పినవ్ రా?"



మాసయ్య ఐదేళ్ల కింద పోయాడు. చివరి రోజు దవాఖానలో మాట పడిపోయింది. కొడుకును వంగమని సైగ చేశాడు. చెయ్యి ఎత్తి, బొటనవేలు అతని కనుబొమ మీద పెట్టి, మచ్చను మూసి చూశాడు. ఆయన ఎవరిని చూస్తున్నాడో మహేందర్‌కు తెలుసు. ఆ చూపు అయ్యేదాకా కదలకుండా వంగి నిలబడ్డాడు.

ఇప్పుడతను వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. రెండు గదుల అద్దె ఇంట్లో తల్లి, భార్య రేఖ, అతను. లలితమ్మకు చూపు మసకబారింది. మనుషులను అడుగుల చప్పుడుతో పోల్చుకుంటుంది. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు మాత్రం ఇద్దరి పేర్లూ చెబుతుంది. ప్రేమ్ పేరు ముందు చెబుతుంది.

శనివారం పెబ్బేరు సంత. మూడు జిల్లాల వాళ్లే కాక రాయచూరు వైపు వాళ్లు కూడా ఎద్దుల కోసం వస్తారు. మాసయ్య బతికున్నన్నాళ్లూ సంత గేటు పక్క టీ కొట్టు ముందు కొడుకును నిలబెట్టేవాడు. ఇప్పుడు చూపించేవాళ్లు లేరు. మహేందర్ తనంతట తనే పోయి నిలబడతాడు. ఎవరినీ ఏమీ అడగడు. ముఖం అందరికీ కనబడేట్టు నిలబడి టీ తాగుతాడు. టీ కొట్టు అతను, ఎద్దులు అమ్ముకునేవాళ్లు గూడ ఇంత ఓపికగ నిలబడరు సారు అంటాడు.

మొన్న చలి తగ్గే రోజుల్లో ఒక శనివారం, పగ్గం చేతిలో ఉన్న మనిషి ఒకడు అతణ్ణి దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చాడు. పేరు తిరుపతయ్య, ఊరు అయిజ. సరిహద్దు అవతల కంకర మిషన్ల దగ్గరికి కూలీలను పంపే మేస్త్రి. మహేందర్ ముఖాన్ని ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి చూశాడు.

"సారు, నీకు పెద్దన్న ఉన్నడా?"

లేడన్నాడు మహేందర్. అచ్చం ఈ ముక్కు, ఈ నుదురు, ఇట్లాగే తల పక్కకు వంచి వింటాడని తిరుపతయ్య చెప్పాడు. బసప్ప అంటారట. రాయచూరు అవతల కంకర మిషన్ దగ్గర ఉంటాడట. వెనకా ముందూ ఎవరూ లేరట. మహేందర్ టీ గ్లాసు కింద పెట్టాడు. గుండె కొట్టుకుంది. ఇన్నేళ్లయినా అది కొట్టుకోవడం మానలేదు. కట్టుబాటు ప్రకారం మొదటి ప్రశ్న అడిగాడు.

"ఎన్నేండ్లుంటయి?"

"యాభై దాటినయి. ఎక్కువనే ఉంటయేమో. పండ్లు ఊడినయి, నెత్తి తెల్లగైంది. దగ్గుతోని శానా పరేషాన్ల ఉన్నడు. జర పోయి చూసి రారాదు."

గుండె నెమ్మదించింది. మావాడు నా ఈడువాడు, నలభై గూడ దాటలే, ఒక్క కాన్పుల పుట్టినం అని చెప్పాడు మహేందర్. తిరుపతయ్య అతణ్ణి మళ్లీ ఒకసారి కిందికీ పైకీ చూశాడు. ఇస్త్రీ చొక్కా, నల్లటి జుట్టు, కళ్లద్దాలు.

"అయితే కాదు తీయ్. నువ్వు పోరని లెక్కున్నవ్."

అతను ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు. మహేందర్ చల్లారిన టీ తాగి బస్సెక్కాడు. ఇంట్లో ఆ మాట చెప్పలేదు. చెప్పాల్సినంత మాట అనిపించలేదు.

నెల దాటింది. కాలేజీలో ఆ పాఠం వచ్చింది. అందరూ బోర్డు మీద నౌక గీస్తారు. మహేందర్ లారీ గీస్తాడు. లారీ అడుగున ఒకడు, సామాను మీద ఒకడు. కిందివాడు ఇటుక పైకి విసురుతాడు, పైవాడు పట్టుకుంటాడు. లారీలో ఉన్నవాళ్లకు ఇటుక నిట్టనిలువునా పైకి పోయింది. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడికి అట్లా కాదు. ఇటుక గాల్లో ఉన్నంతలో లారీ ముందుకు జరిగింది కాబట్టి, వాడి కంటికి ఇటుక ఏటవాలుగా, ఎక్కువ దూరం పోయింది. అయినా ఆలస్యం కాలేదు. ఇటుకకు లారీ జోరు కూడా తోడైంది. దారి పెరిగింది, వేగమూ పెరిగింది, పట్టిన సమయం మాత్రం అంతే.

ఇప్పుడు ఇటుక తీసేసి వెలుతురు పెట్టండి అన్నాడు. వెలుతురుకు లారీ జోరు తోడు కాదు. లారీ నిలబడినా, పరుగెత్తినా, దాని వేగాన్ని ఎవరు కొలిచినా ఒక్కటే వస్తుంది. ఎందుకు అని అడిగితే, లోకం అట్లా ఉంది అని చెప్పడం తప్ప దారి లేదు. ఎన్ని తీర్ల కొలిచినా అదే తేలింది. రోడ్డు మీదివాడి కంటికి వెలుతురు పోవాల్సిన దారి పెరిగింది. వేగం పెరగదు. అప్పుడు ఏం పెరగాలి? టైమ్ అన్నారు ఎవరో.

త్రిభుజం గీశాడు. నిలువు మూడు, అడుగు నాలుగు, ఏటవాలు ఐదు. వెలుతురు ఐదు పాళ్లు పోయేలోపు నాలుగు పాళ్లు పోగల లారీ అది. రోడ్డు మీద ఐదేళ్లు గడిచేసరికి ఆ లారీలో మూడేళ్లే గడుస్తాయి. గడియారం చెడిపోయి కాదు. లారీలోనివాడి గుండె, గోళ్లు, ఆకలి, నిద్ర అన్నీ ఆ లెక్కకే నడుస్తాయి. వాడికి మాత్రం ఏ తేడా తెలియదు.

ఎవరూ అంత జోరుగా పోలేదు గదా సార్, మరి నిజమని ఎట్లా తెలుసు అని ఒకడు అడిగాడు. మనుషులు పోలేదన్నాడు మహేందర్. ఆకాశంలో పైన పుట్టే మ్యువాన్లు అనే రేణువులున్నాయి. వాటి ఆయుష్షు సెకనులో లక్షోవంతు కూడా కాదు. ఆ లెక్కన దాదాపు అన్నీ సగం దారిలోనే చచ్చిపోవాలి. కానీ ఇంచుమించు వెలుతురంత జోరుగా వస్తాయి కాబట్టి వాటి కాలం మెల్లగా నడిచి, నేల దాకా చేరుతున్నాయి. ఇప్పుడు మీ అరచేతుల్లోంచి పోతున్నాయి. పిల్లలు అరచేతులు చూసుకున్నారు.

ఇంకొక్క మాట చెప్పాడు. లారీలోనివాడికి రోడ్డే వెనక్కి పోతున్నట్టుంటుంది. వాడి లెక్కలో రోడ్డు మీది గడియారమే మెల్లగా నడుస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. పోయినవాడు మళ్లుకుని వచ్చి, ఇద్దరూ ఒక చోట నిలబడి, గడియారాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటేనే తేలుతుంది. మళ్లుకుని వచ్చినవాడిదే తక్కువ వయసు. కలుసుకోకపోతే, ఎవరు పెద్ద అన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

కవలల లెక్కను ప్రతి ఏడూ అతను గబగబా చెప్పి ముగిస్తాడు. ఈసారీ అట్లాగే ముగించబోతుంటే శ్రీజ లేచింది. కూలి చేసుకునే వాళ్ల పిల్ల. ఏడాదిలో రెండుసార్లు కూడా నోరు తెరిచిన పిల్ల కాదు.

"పోయి వచ్చినోడు చిన్నగుంటడా సార్?"

ఉంటాడన్నాడు.

"మా తాన ఉల్టా సార్. మా చిన్నాయన మా నాయన కన్న చిన్నోడు. పదేండ్లు కంకర మిషన్ కాడ చేసి వచ్చిండు. ఇప్పుడు కొత్తోళ్లు వస్తే, మా నాయనను చూపించి నీ తమ్ముడా అని ఆయన్ని అడుగుతరు."

మీ చిన్నాయన ఎక్కింది పాసింజర్ బండి అయ్యుంటది అన్నాడు వెనక బెంచీ వాడు. అందరూ నవ్వారు. శ్రీజ కూడా కొంచెం నవ్వి కూర్చుంది.

మహేందర్ సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. బోర్డు మీద మూడు, నాలుగు, ఐదు ఉన్నాయి. ఒక్క కాన్పులో పుట్టిన ఇద్దరి ఈడు ఒకటే ఉండాలని లేదు. ఇన్నేళ్లుగా అతను చెబుతున్నది అదే. చెబుతూనే సంతలో టీ గ్లాసు కింద పెట్టి, ఎన్నేండ్లుంటయి అని అడిగాడు. నువ్వు పోరని లెక్కున్నవ్ అని తిరుపతయ్య అంటే విని, బస్సెక్కాడు. గంట కొట్టేదాకా అతను ఆగలేదు. పుస్తకం అక్కడే వదిలి బయటికి నడిచాడు.

రేఖకు ఫోన్ చేసి రాయచూరు దిక్కు పోతున్నాననీ, అమ్మకు చెప్పొద్దనీ అన్నాడు. తోటి లెక్చరర్ బండి అడిగి తీసుకున్నాడు. పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి చౌరస్తా, గద్వాల. కృష్ణలో నీళ్లు తగ్గి బండలు తేలాయి. జోరు పెంచాడు. తను ఎంత జోరుగా పోయినా అక్కడ గడిచేది గడుస్తూనే ఉంటుంది. అది అతనికి తెలుసు. అయినా పెంచాడు.

అయిజలో అడుగుతూ పోయి తిరుపతయ్య ఇల్లు కనుక్కున్నాడు. తిరుపతయ్య మంచం మీది నుంచి లేచి అతణ్ణి చూశాడు.  పోదాం పా అని బండి వెనక ఎక్కాడు.  దారిలో మహేందర్ ఏమీ అడగలేదు. అడగడానికి అతని దగ్గర ఎప్పుడూ ఉన్నది ఒక్కటే ప్రశ్న.

కంకర మిషన్ నడుస్తోంది. చెట్ల ఆకులు, గుడిసెల రేకులు, కుక్క వీపు, అన్నిటి మీదా తెల్లటి దుమ్ము. కూలీల వంటామె పొయ్యి ముందు నుంచి తలెత్తింది. అయిజ పక్క పల్లె ఆమెది. మహేందర్‌ను చూసి చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని లేచి నిలబడింది. వచ్చినదెవరో తిరుపతయ్య ఆమెకు మెల్లగా చెప్పాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి మహేందర్‌కిచ్చి, అతను తాగాక చెప్పింది. మిషన్ చప్పుడులో కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బసప్ప పోయి పదిహేను రోజులైంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిందని డాక్టరు అన్నాడు. ఈ మిషన్ దగ్గరికి పన్నెండేళ్ల కింద వచ్చాడు. అంతకుముందు ఇటుకలు, చెరకు, అంతకుముందు గొర్రెలు. చిన్నప్పుడు కాలువ గట్టు మీద ఏడుస్తుంటే గొర్రెలవాళ్లు పట్టుకుపోయి, వాళ్ల దేవుడి పేరు పెట్టుకున్నారట. తన ఊరు అతనికి తెలియదు. ఎవరన్నా ఉన్నారా అని అడిగితే మాత్రం ఒకే మాట అనేవాడు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలోకి వేలు చూపించి, "గిట్లాంటోడే ఇంకొకడున్నడు" అనేవాడు. జర తిక్కనుకున్నం అంది వంటామె.

తిరుపతయ్య తన ఫోన్లో ఉన్న ఫొటో ఒకటి చూపించాడు. కంకర కుప్ప ముందు కూలీలు వరసగా కూర్చున్నారు. చివర ఉన్నవాడు మాసయ్య. దవాఖాన మంచం మీది మాసయ్య. లోపలికి పోయిన బుగ్గలు, తెల్లటి తల. మహేందర్ ఫొటోను పెద్దది చేశాడు. కుడి కనుబొమ తెగకుండా, నిండుగా ఉంది. వానికి గిది ఉండదు గదరా. తండ్రి చెప్పినవాటిలో ఆ ఒక్కటి నిజమైంది.

మిషన్ వెనక, తుమ్మల దగ్గర పాతిపెట్టారు. కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చారు. రాళ్ల మీద కూడా దుమ్ము. మహేందర్ చెప్పులు విడిచి దగ్గరికి పోయాడు. వెనక నడుస్తున్న వంటామె ఆగిపోయింది. అతని ఎడమపాదం చూస్తోంది. నెమ్మదిగా కూర్చుని, కలిసిన రెండు వేళ్ల మీద చెయ్యి పెట్టింది.

"కడపటి నీళ్లు నేనే పోసిన," అంది. "గీ వేళ్లే."

ఆమె తలెత్తి అడిగింది. "నువ్వు ఆయన తమ్మునివా బిడ్డా?"

మంత్రసాని తేల్చలేకపోయింది. తల్లి తేల్చలేకపోయింది. గడియారాలు పక్కపక్కన పెట్టి చూసుకునే చోటు ఇదే. ఒకటి ఆగిపోయి ఉంది.

"అవును," అన్నాడు మహేందర్. "తమ్ముణ్ణి."

మర్నాడు సాయంత్రం ఇల్లు చేరాడు. రేఖ అతని ముఖం చూసి, చొక్కా మడతల్లోని తెల్లటి దుమ్ము చూసి, సంగతి గ్రహించింది. లలితమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు తల ఇటు తిప్పింది.

"యాడికి పోయినవ్ కొడుకా?"

కాలేజీ పని మీద అన్నాడు. 

"తిన్నవా?"

నిన్న మధ్యాహ్నం నుంచి అతను ఏమీ తినలేదు. రేఖ జొన్నరొట్టె, పప్పు పళ్లెంలో పెట్టి తెచ్చింది. లలితమ్మ నేల మీద చేతులానించి, జరుగుతూ వచ్చి, అతనికి దగ్గరగా కూర్చుంది. కళ్లు కనబడకపోయినా నమిలే చప్పుడు ఆమెకు వినబడుతుంది. మహేందర్ ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.  నీళ్లు తాగి మింగాడు. పళ్ల మధ్య దుమ్ము కరకరలాడింది.

"మంచిగ తిను బిడ్డా," అంది తల్లి. "నువ్వు తింటే వాడు తిన్నట్టే."

రేఖ గడప దగ్గర ఆగిపోయి కొంగుతో నోరు మూసుకుంది. మహేందర్ ఇంకో ముక్క తుంచాడు. మరో ముక్క. రొట్టె అయిపోయింది. ఇంకొకటి పెట్టు వానికి అని లలితమ్మ కోడలితో అంది. రేఖ తెచ్చి పెట్టింది. అతను అది కూడా తిన్నాడు. ఆఖరి ముక్కతో పళ్లెం తుడిచేదాకా తల్లి తల వంచి వింటూ కూర్చుంది.